దాపటెద్దు తప్పు

మా అత్త వెంకటేశ్వరమ్మ గురించి మా ఊళ్ళో ఎవరిని అడిగినా ముందు ఆవిడ నోటి గురించి చెబుతారు, తర్వాత ఆవిడ గీత గురించి చెబుతారు. నోటి సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆవిడ వీధి ఈ మొదట్లో మాట్లాడితే ఆ చివర మస్తాన్‌బీ ఇంట్లో వినపడుతుంది. గీత సంగతే చెప్పాలి.

మాది చింతగుంటపాలెం. పర్చూరుకి అవతల, గుంటూరు జిల్లా ప్రకాశం జిల్లా ఒకదాన్నొకటి రాసుకుని ఉండే చోటు. ఇప్పుడు బాపట్ల జిల్లా అని బోర్డులు మార్చారు గానీ మా నల్లరేగడికి ఆ కబురు ఇంకా అందలేదు. ఈ నేలలో మిరప నారు నాటే ముందు అచ్చు తోలాలి. దున్ని చదును చేసిన చేలో అరక కట్టి, గొర్రుతో నిలువుగా ఒకసారీ అడ్డంగా ఒకసారీ గీతలు గీస్తారు. చేనంతా గళ్ళుగళ్ళుగా తయారవుతుంది. రెండు గీతలు కలిసిన ప్రతి చోటా ఒక మొక్క పెడతారు. అలా పెడితే తర్వాత కలుపు తీయడానికి గుంటక ఎటునుంచి తోలినా మొక్కకి తగలదు. గీత వంకర పోయిందంటే మాత్రం గుంటక నడిచిన దారిలో మొక్కలు తెగిపోతాయి.

ఆ అచ్చు తోలడంలో మా అత్తని మించినవాళ్ళు చుట్టుపక్కల నాలుగూళ్ళలో లేరు. ఆడమనిషి అరక తోలడమేమిటి అని మీరు అనుకుంటే, నలభై ఏళ్ళ కిందట మా ఊరు కూడా అదే అంది. పెళ్ళైన రెండో ఏడు మా మామగారు వెంకటనారాయణ అచ్చు తోలుతుంటే ఈవిడ క్యారేజీ పట్టుకుని గట్టు మీద నిలబడిందట. ఆయన మెతక మనిషి, ఆయన గీత కూడా అంతే, ఎటు ఈడిస్తే అటు పోయేది. ఈవిడ కాసేపు చూసి, క్యారేజీ కింద పెట్టి, చేలోకి దిగి పగ్గాలు లాక్కుంది. "నువ్వు అన్నం తిను" అందట. ఆయన తినేసరికి నాలుగు గీతలు పడ్డాయి. మామగారు మజ్జిగ కూడా తాగి తీరిగ్గా లేచి ఆ గీతలు చూసి, బతికుండగా మళ్ళీ గొర్రు ముట్టుకోలేదు.

ఆడది అరక తోలితే వానలు వెనక్కి పోతాయని పెద్దలు రచ్చ చేశారట. "వాన నా కాళ్ళు చూసి కురుస్తుందా?" అని ఈవిడ ఎదురు అడిగింది. ఆ ఏడు ఎంత వాన పడిందంటే నాటిన నారంతా నీళ్ళలో నాని పోయింది. వానలు పోతాయని శపించినవాళ్ళకి ఇంక నోరు పెగల్లేదు. మరుసటి ఏడు వాళ్ళలోనే ఇద్దరు వచ్చి, "మా చేలో కూడా కాస్త తోలమ్మాయ్" అన్నారు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పద్నాలుగేళ్ళు. నా పేరు జ్యోతిర్మయి. మా ఆయన చైతన్యకృష్ణకి పర్చూరులో పురుగుమందుల కొట్టుంది. మా ఇంట్లో మూడు నోళ్ళుంటే అందులో రెండు పెద్దవి, ఒకటి మా ఆయనది. ఆవిడతో నేను తగవు పడని రోజు లేదు. అందుకే ఇది పొగడ్త అనుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

పోయిన ఏడాది ఆగస్టులో మొదలైంది. మా చేలో అచ్చు తోలుతూ అత్తయ్య మూడో గీత చివర ఆగి వెనక్కి తిరిగి చూసి, "వంకర" అంది. నేను గట్టు మీద ఉన్నాను. నా కంటికి తిన్నగానే ఉంది. ఆ మాటే చెప్పాను. "నీకేం తెలుసు, బీకామ్ చదివావు" అని మళ్ళీ తోలింది. మళ్ళీ వంకర అంది. నాట్ల ముఠా మేస్త్రి మస్తాన్‌బీ వచ్చి గీత మీద కూర్చుని ఒక కన్ను మూసి చూసి, "తిన్నగానే ఉందక్కా, నూలు పట్టినట్టుంది" అంది. "మీరంతా ఒకటయ్యారా? నా దగ్గర మెప్పు కోసం అబద్ధాలు చెబుతారా?" అని ఎగిరింది అత్తయ్య. ఒకే చేలో మూడుసార్లు అచ్చు చెరిపి మూడుసార్లు తోలింది. ముఠా వాళ్ళు నారు బుట్టల దగ్గర కూర్చుని నవ్వుకున్నారు.

ఎవరో ఒకరి తప్పు కావాలి కదా. తన తప్పు కాదని ఆవిడకి తెలుసు, నలభై ఏళ్ళ చెయ్యి అది. గొర్రు తప్పేమోనని వడ్రంగికి చూపించింది. అది బాగానే ఉందన్నాడు. ఇంక మిగిలింది ఎద్దు. అరకలో ఎడమ పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్క కట్టేది వలపటెద్దు. గీత నిలబడేది దాపటెద్దు కాళ్ళ మీదే అని ఆవిడ ఎప్పుడూ అనే మాట. మా దాపటెద్దు సూరిగాడు. దూడగా ఉన్నప్పటినుంచి ఆవిడ చేతి మీద పెరిగినవాడు. ఆవిడ మాట వినేది ప్రపంచంలో వాడొక్కడే అని మా ఆయన ఎకసెక్కమాడేవాడు. "వీడికి పొగరెక్కింది. మధ్యలోకొచ్చేసరికి పక్కకి లాగుతున్నాడు" అని అక్టోబరులో సూరిగాణ్ణి సంతకి తోలించి అమ్మేసింది. కనిగిరి వైపు రైతెవరో కొనుక్కుపోయాడు. ఆ రోజు ఆవిడ భోంచెయ్యలేదు. అడిగితే కూరలో ఉప్పెక్కువైందని నా మీద పడింది.

కొత్త ఎద్దు వచ్చింది. ఆవిడ కంటికి గీతలో వంకర మాత్రం తగ్గలేదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఆవిడకి పదకొండేళ్ళుగా షుగరు. "నేను తీపి ముట్టను కదా, నాకు షుగరేంటి" అంటూ రెండుపూటలా పళ్ళెం నిండా అన్నం కలుపుకునే రకం. మాత్రలు గుర్తుంటే వేసుకునేది, లేకపోతే లేదు. ఏటా ఒకసారి కంటి వెనక పొర చూపించుకోండని షుగరు డాక్టరుగారు ప్రతి చీటీ మీదా కింద రాస్తూనే ఉన్నారు. ఆ చీటీలన్నీ నేనే బీరువాలో పెట్టాను. ఒక్కదాని కింద రాసింది కూడా చదవలేదు. కళ్ళు ఎర్రబడలేదు, నొప్పి లేదు, నీరు కారలేదు. ఇంక జబ్బెక్కడిది అనుకున్నాం. పెద్దావిడకి చాదస్తం పెరిగిందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆవిడ గీత తప్పిందని ఊరు నవ్వుతుంటే నాలో ఒక మూల కాస్త సరదాగా కూడా ఉండింది.

జనవరిలో ఒక సాయంత్రం టీవీ చూస్తూ, "పాపం, ఆ వార్తలు చదివే పిల్లకి మూతి వంకర పోయిందే, పక్షవాతమేమో" అంది. నేను చూశాను. ఆ పిల్ల మూతి శుభ్రంగా ఉంది. "అత్తయ్యా, ఒక కన్ను మూసి చూడండి" అన్నాను. ఎడమ కన్ను మూసి చూసింది. "ఇప్పుడు మొహమే లేదు. మధ్యలో మసక" అంది. మరుసటి రోజు పొద్దున్నే ఆవిణ్ణి గుంటూరు బస్సెక్కించాను.

బ్రాడీపేటలో కంటి ఆసుపత్రి. ఆటో దిగి మెట్లెక్కేటప్పుడు ఆవిడ ఒక మెట్టు తప్పింది. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. లోపల ఫెబా అనే అమ్మాయి అక్షరాల బోర్డు చదివించింది. కుడి కంటితో పైనుంచి రెండో వరస దాటలేదు. తర్వాత ఆ అమ్మాయి అరచేతంత అట్ట ఒకటి చేతికిచ్చింది. తెల్ల కాగితం మీద నల్ల గీతలు, నిలువుగా అడ్డంగా, అన్నీ గళ్ళు. మధ్యలో చుక్క.

"ఆ చుక్కనే చూడండమ్మా. ఎడమ కన్ను మూసుకోండి. గీతలు ఎలా ఉన్నాయో చెప్పండి."

అత్తయ్య చూసింది. మొహం చిట్లించింది. "ఇది అచ్చు" అంది.

"ఏంటమ్మా?"

"అచ్చే. మిరప చేను. ఎవడు తోలాడే దీన్ని? వెధవ పని చేశాడు. నడిమధ్యన గీతలన్నీ ఒకదాని మీదొకటి వాలిపోయాయి. ఇందులో గుంటక దిగితే ఒక్క మొక్క మిగలదు."

ఫెబాకి నవ్వొచ్చింది. అయినా మర్యాదగా, "అది ప్రెస్సులో అచ్చేసిందమ్మా. గీతలన్నీ తిన్నగానే ఉంటాయి" అంది.

"నాతోనా చెబుతున్నావు? నలభై ఏళ్ళు తోలాను నేను. స్కేలు తీసుకురా."

ఆ అమ్మాయి పాపం లోపలికెళ్ళి ప్లాస్టిక్ స్కేలు తెచ్చింది. అత్తయ్య దాన్ని ఒక గీత పక్కన పెట్టింది. స్కేలు కూడా వంగింది. ఆవిడకి స్కేలు మీద కూడా నమ్మకం లేక, దాని అంచున చూపుడువేలు పెట్టి పైనుంచి కిందకి జరిపింది. వేలికి వంకర తగల్లేదు. మళ్ళీ జరిపింది. మూడోసారి కళ్ళు రెండూ మూసుకుని జరిపింది. తర్వాత అట్ట ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే," అంది చివరికి, "సూరిగాడు తిన్నగానే నడిచాడన్నమాట."

ఫెబాకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

కళ్ళలో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక స్కాన్ తీశారు. డాక్టరమ్మ ఆ బొమ్మ చూపించి చెప్పింది. కంటి వెనక పొర మీద వెంట్రుకల్లాంటి రక్తనాళాలు ఉంటాయట. షుగరు వల్ల అవి చెడిపోయి కారుతున్నాయట. నీరు చేరి సరిగ్గా నడుమ చోట పొర ఉబ్బింది, ఉబ్బిన చోట గీత వంగి కనపడుతోంది. కుడి కన్ను బాగా చెడింది, ఎడమది మొదట్లో ఉంది.

"చేలో కింద ఊట పట్టినట్టా?" అంది అత్తయ్య.

"అలాగే అనుకోండి."

"ఊట తోడితే చేను బాగుపడుతుంది."

డాక్టరమ్మ స్కాన్ పక్కన పెట్టింది. "కంట్లో ఇంజెక్షన్లు వెయ్యాలమ్మా, నెలకొకటి చొప్పున కొన్ని నెలలు. నీరు చాలామందికి దిగుతుంది. కానీ పోయిన చూపంతా తిరిగొస్తుందని నేను మాటివ్వను. కొందరికి గీత కాస్త వంకరగానే ఉండిపోతుంది. ఉన్నది పోకుండా పట్టుకోవడం మాత్రం చాలావరకు మీ చేతిలో ఉంది. షుగరు, బీపీ అదుపులో పెట్టాలి."

"పట్టుకోవడం నాకు కొత్త కాదులే. మళ్ళీ అచ్చు తోలగలనా, అది చెప్పు తల్లీ."

"నాకు తెలీదండీ" అంది డాక్టరమ్మ. ఆ ఒక్క మాటకి అత్తయ్య ఆవిణ్ణి నమ్మింది.

ఊళ్ళో కబురు పాకింది. కంట్లో సూదంటే ఉన్న చూపు కూడా పోతుందని ఒకరు, ఉల్లిపాయ రసం పిండుకోమని ఇంకొకరు. ఒకావిడ తేనె సీసా పట్టుకుని ఏకంగా మా ఇంటికే వచ్చేసింది. అత్తయ్య సీసా అందుకుని మూత తీసి వాసన చూసి, "షుగరు మనిషికి తేనె తెచ్చావు, కంట్లో పోయడానికి. బాగుంది" అని తిరిగిచ్చేసింది. సూది రోజున నేను భయపడి చేతులు నలుపుకుంటుంటే, "మిరపకాయలు కోసిన చేత్తో కళ్ళు నులుముకుని పెరిగినదాన్ని, సూది నన్నేం చేస్తుందే" అంది. మత్తు చుక్కలు వేశారు కాబట్టి నొప్పి తెలియలేదట, నొక్కినట్టు మాత్రం ఉందట. బయటికొచ్చాక మాత్రం నా చెయ్యి విదిలించుకోలేదు.

ఫెబా ఇచ్చిన గళ్ళ అట్ట వంటింట్లో గూటి పక్కన మేకుకి వేలాడింది. రోజూ పొద్దున ఒక కన్ను మూసుకుని ఒకసారి, రెండోది మూసుకుని ఒకసారి చూసేది. ఆవిడ చెబుతుంటే వంకరెక్కడుందో నేను ఇంకో గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసేదాన్ని. వారానికొక కాగితం. గీసేటప్పుడు కూడా తగవే. "అంత కాదు, ఇంకా పైకి. అబ్బ, నీ గీతకంటే మీ మామగారి గీత నయం" అనేది.

రెండు ఇంజెక్షన్లయ్యాయి. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏం తేడా లేదు. బోర్డు మీద అదే రెండో వరస. మా ఆయన భోజనాల దగ్గర మెల్లగా మొదలుపెట్టాడు. "అమ్మా, ఇంక అరక చాలమ్మా. వచ్చే ఏడు ట్రాక్టరుతో అచ్చు వేయిద్దాం. అందరూ అదే చేస్తున్నారు. నువ్వు హాయిగా కూర్చో."

"హాయిగా కూర్చోమని నిన్నడిగానా?"

"కనపడకపోతే ఎలా తోలతావు?"

"కనపడేదాకా సూది పొడిపించుకుంటాను. అప్పటికీ కనపడకపోతే అప్పుడు మాట్లాడు. ట్రాక్టరు నా చేలో దిగితే నేను దాని ముందు పడుకుంటాను, నీకు అది కూడా తెలుసు." కొడుకుకి తెలుసు. తలొంచుకుని పెరుగు వేసుకున్నాడు.

అన్నం తగ్గించమన్నప్పుడు మాత్రం కళ్ళకంటే ఎక్కువ బాధపడింది. షుగరు డాక్టరుగారు కొత్తగా రాసిన ఇన్సులిన్ తనే పొడుచుకోవడం నేర్చుకుంది. పొద్దున్నే చేనిదాకా నడిచి వచ్చేది. దారిలో కరెంటు స్తంభాలు లెక్కపెట్టి, ఏది వంగింది ఏది నిలబడింది అని వచ్చి చెప్పేది. మూడో ఇంజెక్షన్ తర్వాత ఒకరోజు, "పాలకేంద్రం దగ్గర స్తంభం లేచి నిలబడిందే" అంది. కాగితం మీద చూస్తే నిజంగానే వంకర చిన్నదైంది. ఆ వేళ నేను పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. ఆవిడ తిట్టలేదు కూడా.

ఏప్రిల్లో ఎడమ కన్ను బాగా తేరింది. అప్పుడు ఆవిడ కనిగిరి వెళ్ళాలంది.

సంతలో ఎద్దుని కొన్న మనిషి పేరు దానయ్య. కొండకి దిగువన ఎర్రమట్టి చేను, మట్టికంటే రాళ్ళు ఎక్కువ. మేం వెళ్ళేసరికి సూరిగాడు కొట్టం ముందు నీడలో నెమరేస్తున్నాడు. అత్తయ్య గొంతు వినగానే లేచి నిలబడ్డాడు. ఆవిడ వాడి దగ్గరికెళ్ళి, మెడ కింద గంగడోలు పట్టుకుని, ఊళ్ళో ఎవ్వరితోనూ ఎప్పుడూ అనని మాట అంది. "తప్పయిపోయిందిరా. తప్పు నీది కాదు. నా కంటిది."

ఎద్దుని తిరిగి ఇమ్మంటే దానయ్య ముందు ఒప్పుకోలేదు. "ఎందుకమ్మా అమ్మారు ఇలాంటి గొడ్డుని? గీటు గీసినట్టు నడుస్తాడు. రాయి అడ్డొస్తే మనం చెప్పకుండానే తప్పుకుంటాడు, మళ్ళీ తన దారిలోకి తనే వచ్చేస్తాడు. ఇంత బుద్ధిమంతుణ్ణి నేను చూళ్ళేదు."

"బుద్ధిలేనిది నాకే నాయనా" అని ఆవిడ జరిగిందంతా చెప్పింది, గళ్ళ అట్ట దగ్గర్నుంచి. దానయ్య వింటూ వింటూ తన భార్య వైపు చూశాడు. ఆవిడకీ షుగరేనట, కళ్ళు ఎప్పుడూ చూపించలేదట. అత్తయ్య చేతిసంచిలోంచి అట్ట తీసి అక్కడికక్కడే ఆవిణ్ణి కూర్చోబెట్టి ఒక కన్ను మూయించింది. గీతలు తిన్నగానే ఉన్నాయంది ఆవిడ. "అయినా సరే, చూపించుకో. నాకు ముందు తిన్నగానే ఉండేవి" అని అత్తయ్య అరిచింది. పొద్దుగూకేలోపు మా కొత్త ఎద్దు వాళ్ళ కొట్టానికీ, సూరిగాడు మా ఇంటికీ మారడానికి ఒప్పందమైంది. పైగా రెండు టిక్కీలు, అంటే రెండు పెద్ద బస్తాలు, మిరపకాయలు కూడా ఇస్తానంది ఈవిడ. దానయ్య ఒక టిక్కీ చాలన్నాడు.

జూలై ఆఖరుకి కుడి కన్ను బోర్డు మీద ఐదో వరస చదివింది. నీరు దిగిందని డాక్టరమ్మ స్కాన్ చూపించింది. కానీ గళ్ళ అట్టలో, కుడి కంటికి, పై మూల ఒక గీత ఇంకా కొంచెం వంగే ఉంది. అది అలాగే ఉండిపోవచ్చు అంది. రెండు కళ్ళూ తెరిస్తే తిన్నగానే కనపడుతోంది అత్తయ్యకి. అయినా ఇంటికొచ్చాక ఒకరోజు అట్ట ముందు నిలబడి, నాతో అన్నట్టు కాకుండా అంది. "తిన్నగా కనపడుతోంది. నిజంగానే తిన్నగా ఉందా, ఇది కూడా నా కన్ను చెప్పే అబద్ధమా? ఒకసారి మోసం చేసినదాన్ని ఎలా నమ్మను?" ఆవిడ గొంతులో భయం నేను మొదటిసారి విన్నాను.

సెప్టెంబరు మొదటి వారం. వాన పడి చేను పదునుకొచ్చింది. మస్తాన్‌బీ ముఠా నారు బుట్టలతో వచ్చి గట్టు మీద కూర్చుంది. చూడ్డానికి ఊళ్ళోంచి ఇంకో పదిమంది వచ్చారు, పనేం లేకపోయినా. మా ఆయన కొట్టు మూసుకుని వచ్చాడు. అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎగదోపి, సూరిగాణ్ణి దాపట కట్టి, అవతలి గట్టు మీద నేను పాతిన కర్రకి గురి పెట్టి, "హెయ్" అంది. అరక కదిలింది.

నేను అవతలి గట్టు మీద కర్ర పక్కనే నిలబడ్డాను కాబట్టి గీత నాకు ఎదురుగా వస్తోంది. సగం దూరం నూలు పట్టినట్టు వచ్చింది. తుమ్మచెట్టుకి ఎదురుగా వచ్చేసరికి నేలలో పెద్ద మట్టిగడ్డ ఒకటి ఉంది. సూరిగాడు దాన్ని చూశాడు. కనిగిరి రాళ్ళలో పడ్డ అలవాటు. కాస్త పక్కకి జరిగి, గడ్డ దాటి, మళ్ళీ తన దారిలోకి వచ్చేశాడు. జానెడు వంకర. నేను స్పష్టంగా చూశాను.

అరక నా దగ్గరికొచ్చి ఆగింది. ఆవిడ చెమట తుడుచుకోకుండా వెనక్కి తిరిగి గీత వైపు చూసింది. చాలాసేపు చూసింది. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు.

"ఎలా ఉంది?" అంది.

"బాగుందమ్మా, తిన్నగా ఉంది" అన్నాడు మా ఆయన.

"బ్రహ్మాండంగా ఉందక్కా!" అని మస్తాన్‌బీ అవతలినుంచి కేకేసింది. ముఠా అంతా అవునవునంది.

ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు."

ఏడు నెలలు. అన్ని సూదులు, అన్ని కాగితాలు. మొదటి గీతలోనే తప్పుందని నేనెలా చెప్పను? "తిన్నగానే ఉంది అత్తయ్యా" అన్నాను.

పగ్గాలు పట్టుకున్న చెయ్యి కిందకి జారింది. "అయితే నా కళ్ళు బాగుపడలేదు" అంది మెల్లగా. "తుమ్మచెట్టు దగ్గర నాకు వంకర కనపడుతోంది."

నేనేం చేశానో అప్పుడు తెలిసింది. పోయిన ఏడు నిజం చెబితే ఆవిడ నమ్మలేదు. ఈ ఏడు ప్రేమగా అబద్ధం చెప్పి ఆవిడ చూపుని నా చేతుల్తో నేనే ఆర్పేస్తున్నాను. ఇంకో నిమిషం నోరు మూసుకుంటే ఆవిడ గొర్రు దించేసి ఇంటికెళ్ళిపోతుంది, మళ్ళీ ఈ చేలోకి రాదు.

"ఉంది!" అని అరిచాను. ఆవిడంత గట్టిగానే అరిచాను. "ఉంది అత్తయ్యా, వంకరుంది! జానెడుంది. గడ్డ అడ్డొచ్చి సూరిగాడు పక్కకి జరిగాడు. నేను చూశాను. అబద్ధం చెప్పాను, నన్ను తిట్టండి. తాడు తీసుకురండయ్యా ఎవరైనా!"

మా ఆయన తాడు తెచ్చాడు. ఆ గట్టు నుంచి ఈ గట్టుకి బిగించి లాగాం. తుమ్మచెట్టుకి ఎదురుగా గీత తాడుని వదిలేసి ఎడమకి వెళ్ళి మళ్ళీ తాడు కిందకి వచ్చింది. అత్తయ్య నడుచుకుంటూ వెళ్ళి అక్కడ కూర్చుని, తాడుకీ గీతకీ మధ్య చెయ్యి పెట్టింది. సరిగ్గా జానెడు. ఆవిడ ఎక్కడ చెప్పిందో అక్కడే.

ఆవిడ లేచి నిలబడింది. కళ్ళు నలపొద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి బుగ్గలు మాత్రమే కొంగుతో తుడుచుకుంది.

"దొంగమొహాల్లారా!" అని మొదలుపెట్టింది. గట్టు మీద పదిమందినీ, ముఠానీ, కన్న కొడుకునీ పేరుపేరునా తిట్టింది. ఎక్కువ వాటా నాకే వచ్చింది. ఎవరూ బాధపడలేదు. మస్తాన్‌బీ అయితే ఏడుస్తూ నవ్వింది. తర్వాత ఆవిడ సూరిగాడి దగ్గరికెళ్ళి మూపురం మీద చరిచింది.

"తప్పు నీదేరా! వింటున్నారా అందరూ? ఈసారి తప్పు ఎద్దుది!"

పాలకేంద్రం దాకా వినపడి ఉంటుంది. వంగి ఆ మట్టిగడ్డ తీసి గట్టు అవతల పారేసి, అరక వెనక్కి తిప్పుకుని, ఆ గీత చెరిపి మళ్ళీ మొదటినుంచి తోలింది.